చౌకగా చిన్న జియోడెసిక్ డోమ్ కట్టుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

పెరట్లో నారు పెంచుకోవడానికో, కోళ్ల గూటికో, పిల్లలు ఆడుకోవడానికో సొంతంగా ఒక చిన్న డోమ్ కట్టుకోవాలనుకునేవారు సాధారణంగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాను. లెక్కలన్నీ ఒకే నమూనాకు సంబంధించినవి: అడ్డకొలత 3.6 మీటర్లు, మధ్యలో ఎత్తు 1.8 మీటర్లు ఉండే అర్ధగోళం. ఈ కొలతను ఎంచుకోవడానికి కారణం ఉంది. 6 మీటర్ల ఇనుప పైపు ఒక్కొక్కదాని నుంచి ఐదేసి ముక్కలు వస్తాయి, పెద్దగా వృథా ఉండదు.

జియోడెసిక్ డోమ్‌కూ మామూలు గుమ్మటానికీ తేడా ఏమిటి?

బీజాపూర్ గోల్ గుంబజ్ వంటి గుమ్మటం ఇటుకా గచ్చూ కలిసిన తన బరువుతోనే నిలుస్తుంది. ఆ బరువు అడుగుభాగాన్ని బయటికి నెడుతుంది కాబట్టి, దాన్ని ఆపడానికి కింద మందపాటి గోడలు కావలసి వస్తుంది. జియోడెసిక్ డోమ్‌లో వంపు తిరిగిన భాగం ఒక్కటి కూడా ఉండదు. అన్నీ తిన్నని ముక్కలే, అవన్నీ త్రికోణాలుగా కలుస్తాయి. నాలుగు కర్రలను మేకులతో కలిపి చతురస్రం చేసి మూలను నెడితే అది పక్కకు వాలిపోతుంది. మూడు కర్రల త్రికోణాన్ని ఎంత నెట్టినా, కర్ర విరిగితే తప్ప దాని ఆకారం మారదు. ఒకచోట పడిన బరువు చుట్టూ ఉన్న త్రికోణాలకు పంచుకుపోవడం వల్ల, సన్నని ముక్కలతోనే పెద్ద వైశాల్యాన్ని కప్పవచ్చు.

దీన్ని కనిపెట్టినది ఎవరు? కట్టుకోవడానికి పేటెంట్ అడ్డు వస్తుందా?

అమెరికాకు చెందిన బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ పేరు అందరికీ తెలిసినదే కానీ, ఆయనకు పాతికేళ్ల ముందే, 1920ల తొలి సంవత్సరాలలో, జర్మనీలోని యేనా పట్టణంలో జైస్ సంస్థ ప్లానిటోరియం కోసం వాల్టర్ బావర్స్‌ఫెల్డ్ ఇటువంటి ఇనుప వలను కట్టారు. ఫుల్లర్ 1948లో బ్లాక్ మౌంటెన్ కాలేజీలో విద్యార్థులతో కలిసి కిటికీ తెరలకు వాడే పలుచని పట్టీలతో చేసిన మొదటి ప్రయత్నంలో డోమ్ లేవనే లేదు, నేలమీదే చతికిలపడింది. మరుసటి ఏడాది గట్టి సామగ్రితో నిలబెట్టారు. 1954లో ఆయనకు అమెరికాలో పేటెంట్ వచ్చింది. దాని గడువు ఎప్పుడో తీరిపోయింది కాబట్టి ఇప్పుడు ఎవరి అనుమతీ అక్కరలేదు. మన దేశంలో అహ్మదాబాద్‌లోని కాలికో డోమ్ పేరుపొందినది. గౌతమ్ సారాభాయ్, గీరా సారాభాయ్ 1960ల మొదట్లో రూపొందించిన ఆ కట్టడం 2001 భూకంపంలో దెబ్బతిని కూలింది.

ఎన్ని ముక్కలు కావాలి? ఎంతెంత పొడవు?

మొత్తం 65 ముక్కలు, రెండే రెండు పొడవులు. పొడుగు ముక్కలు 35, పొట్టి ముక్కలు 30. డోమ్ వ్యాసార్ధాన్ని 0.618తో గుణిస్తే పొడుగు ముక్క, 0.5465తో గుణిస్తే పొట్టి ముక్క పొడవు వస్తుంది. మన 1.8 మీటర్ల వ్యాసార్ధానికి పొడుగు ముక్క 111.2 సెంటీమీటర్లు, పొట్టి ముక్క 98.4 సెంటీమీటర్లు.

ఇక్కడే చాలామంది పొరబడతారు, మొదటిసారి నేనూ పొరబడ్డాను. ఈ కొలతలు పైపు పొడవు కాదు, ఒక కొసన వేసిన రంధ్రం మధ్య నుంచి రెండో కొసన వేసిన రంధ్రం మధ్యకు ఉండవలసిన దూరం. రంధ్రానికి అవతల ఒక్కో కొసన 2.5 సెంటీమీటర్లు వదలాలి కాబట్టి పైపును 116.2, 103.4 సెంటీమీటర్ల చొప్పున కోయాలి. 35 పొడుగు ముక్కలకు ఏడు పైపులు, 30 పొట్టి ముక్కలకు ఆరు, మొత్తం పదమూడు పైపులు. ముక్కలు కలిసే కూడళ్లు 26, ఏర్పడే త్రికోణాలు 40. లోపల నేల సుమారు తొమ్మిదిన్నర చదరపు మీటర్లు, అంటే 102 చదరపు అడుగులు. కప్పవలసిన పైభాగం 19 చదరపు మీటర్లు.

ఇంతకంటే తేలికైన నమూనా లేదా? ఇంకా గుండ్రంగా ఉండేది?

రెండూ ఉన్నాయి. ఈ డోమ్‌లన్నింటికీ మూలం ఇరవై సమబాహు త్రికోణాలు గల ఘనాకృతి. దాని అంచులను విడగొట్టకుండా అలాగే వాడి, అడుగున ఐదు త్రికోణాలు తీసేస్తే 25 ముక్కలతో, అన్నీ ఒకే పొడవుతో డోమ్ వస్తుంది. కోళ్ల గూటికి అది చాలు. ప్రతి అంచునూ రెండుగా విడగొడితే మన నమూనా. మూడుగా విడగొడితే చూడటానికి మరింత గుండ్రంగా ఉంటుంది కానీ, ముక్కలు మూడు పొడవుల్లో, నూటికి పైగా కావాలి. పైగా దాని అడుగు అంచు చదునుగా నేలకు ఆనదు, ఆ ఎగుడుదిగుళ్లను విడిగా సరిచేసుకోవాలి. మొదటిసారి కట్టేవారికి రెండుగా విడగొట్టిన నమూనాయే మేలని నా అభిప్రాయం: దాని అడుగు కచ్చితంగా ఒకే మట్టానికి వస్తుంది.

ఏ పైపు కొనాలి?

ఫర్నిచర్‌కు వాడే 25 మిల్లీమీటర్ల గుండ్రటి ఇనుప పైపు, గోడ మందం 1.2 మిల్లీమీటర్లు ఉన్నది సరిపోతుంది. ఇనుప సామాను కొట్లలో పైపును ఎక్కువగా కిలోల లెక్కన అమ్ముతారు. ఈ పైపు మీటరుకు సుమారు 700 గ్రాములు తూగుతుంది, పదమూడు పైపులు కలిపి 55 కిలోలు. ఆనాటి కిలో ధరతో గుణించుకుంటే ఖర్చు తెలిసిపోతుంది. ఇవి కాక 8 మిల్లీమీటర్ల మందం, 40 మిల్లీమీటర్ల పొడవు గల బోల్టులు 26, వాటికి నట్లు, ఒక్కో బోల్టుకు రెండు వాషర్లు కావాలి. వెల్డింగ్ అక్కరలేదు. జీఐ (జింకు) పూత ఉన్న పైపు దొరికితే ఇంకా మంచిది. లేకపోతే బిగించే ముందే రెడ్ ఆక్సైడ్ పూయాలి. పాత సామాను కొట్టులో పందిళ్లకు వాడి పడేసిన పైపులు చవకగా దొరుకుతాయి కానీ, వంకర పోయినవీ లోపల తుప్పు పట్టినవీ తీసుకోవద్దు.

పీవీసీ పైపుతోనో వెదురుతోనో కట్టవచ్చా?

కట్టవచ్చు. కరెంటు వైర్లకు వాడే పీవీసీ పైపు తేలిక, చవక. కానీ మన ఎండకు రెండు మూడు వేసవుల్లో పెళుసుబారి రంధ్రాల దగ్గర చిట్లుతుంది. పిల్లల ఆటకు, నాలుగు రోజుల ఉత్సవానికి అయితే పరవాలేదు.

వెదురు సంగతి వేరు. సాధన వెదురు దాదాపు గట్టిగా ఉంటుంది, బోలు తక్కువ, కాబట్టి ఈ పనికి అది అనువైనది. బోలు వెదురు బొంగుకు నేరుగా రంధ్రం వేసి బోల్టు బిగిస్తే నిలువునా చీలుతుంది. కొసలో చెక్క ముక్కను బిగుతుగా కొట్టి, బయట బైండింగ్ వైరు పది చుట్లు చుట్టి, ఆ తరువాతే రంధ్రం వేయాలి. పచ్చి వెదురులో పిండి పదార్థం ఉన్నంతకాలం పుచ్చు పురుగు వదలదు. చెరువులోనో తొట్టిలోనో కొన్ని వారాలు నానబెట్టి, నీడలో ఆరబెట్టి, వీలుంటే బొరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీటిలో మళ్లీ నానబెడితే ఎక్కువ కాలం ఉంటుంది. మీ పొలం గట్టున పెంచిన వెదురును కొట్టుకోవడం గురించి భయపడేవారికి ఒక మాట: 2017లో అటవీ చట్టానికి చేసిన సవరణతో, అడవికి వెలుపల పెరిగే వెదురు ఆ చట్టం దృష్టిలో చెట్టు కాకుండా పోయింది. కోస్తాలో తేలిగ్గా దొరికే సరుగుడు బాదులు నాకు నచ్చవు. ఒక కొస లావు, ఒక కొస సన్నం. 26 కూడళ్లలో ఆ తేడాను సర్దడం తలనొప్పి.

పైపులు కోసే ముందు నమూనా చేసి చూడటం అవసరమా?

తప్పకుండా చేయండి. అరపూట పని. చీపురు పుల్లలను 6.2 సెంటీమీటర్లవి 35, 5.5 సెంటీమీటర్లవి 30 కోసి, సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలతో కలిపితే పది సెంటీమీటర్ల ఎత్తు డోమ్ వస్తుంది. అగ్గిపుల్లలనూ వాల్వ్ ట్యూబునూ కలిపి జ్యామితి నేర్పే పద్ధతిని అరవింద్ గుప్తా దేశమంతటా బడిపిల్లలకు పరిచయం చేశారు. ఆరు పుల్లలు కలిసే కూడలిని ఎలా ముడివేయాలో ఆ పద్ధతిలో పిల్లలకే బాగా తెలుసు. పొట్టి పుల్లలకు ఎర్ర రంగు వేస్తే, గుర్తుంచుకోవలసిన సూత్రం కంటికి కనిపిస్తుంది: ఐదు పుల్లలు కలిసే కూడలి ఎక్కడ ఉన్నా అక్కడికి వచ్చేవన్నీ పొట్టివే. అటువంటి కూడళ్లు ఆరు, ఒకటి నడినెత్తిన, ఐదు చుట్టూ. ముప్పై పొట్టి ముక్కలూ వాటితోనే అయిపోతాయి. మిగతా చోట్లన్నీ పొడుగు ముక్కలే.

పైపు కొసలను ఎలా తయారుచేయాలి?

మొత్తం పనిలో ఎక్కువ సమయం తీసుకునేది ఇదే. బెంచ్ వైస్‌లో పైపు కొసను ఐదు సెంటీమీటర్ల మేర పెట్టి, పిడిని నెమ్మదిగా తిప్పుతూ నొక్కాలి. సుత్తితో కొట్టి చదును చేయవచ్చు కానీ అంచులు చిట్లుతాయి. పైపు లోపలి వైపు వేలు పెట్టి తడిమితే పొడవునా సన్నని గీతలాంటి అతుకు తగులుతుంది. ఆ అతుకు నొక్కిన తరువాత చదును ముఖం మధ్యలో ఉండాలి. అది అంచు మడత మీదికి వచ్చిందా, పైపు అక్కడే నోరు తెరుస్తుంది.

రెండో కొసను నొక్కేటప్పుడు మొదటి కొస చదును ఏ దిశలో ఉందో చూసుకుని, రెండూ ఒకే తలంలో ఉండేలా పెట్టాలి. ఇందుకు నొక్కిన కొస కింద ఒక చదునైన చెక్క ముక్క ఆనిస్తే చాలు. తరువాత రంధ్రాలు. ఒక పొడవాటి చెక్క పలక మీద ఒక చివర 8 మిల్లీమీటర్ల బోల్టు నిలువుగా బిగించి, దాని నుంచి సరిగ్గా 111.2 సెంటీమీటర్ల దూరంలో డ్రిల్ ముక్కు దిగే చోటును గుర్తు పెట్టుకోండి. ప్రతి ముక్క మొదటి రంధ్రాన్ని ఆ బోల్టుకు తొడిగి, రెండో రంధ్రాన్ని గుర్తు దగ్గర వేయాలి. పొట్టి ముక్కలకు వేరే పలక. టేపుతో 65 సార్లు కొలిస్తే 65 రకాల తప్పులు వస్తాయి. పలక వాడితే తప్పు వచ్చినా అన్నిటిలోనూ ఒకే తప్పు వస్తుంది, డోమ్ ఒక పిసరు చిన్నదో పెద్దదో అవుతుంది, అంతే. డ్రిల్ ముక్కు 9 మిల్లీమీటర్లది వాడండి. ఆ ఒక్క మిల్లీమీటరు వెసులుబాటు బిగించేటప్పుడు ఎంతో కలిసొస్తుంది.

చివరగా చదును చేసిన కొసలను లోపలివైపుకు వంచాలి: పొడుగు ముక్కకు 18 డిగ్రీలు, పొట్టి ముక్కకు 16 డిగ్రీలు. అట్టముక్క మీద కోణం గీసి కత్తిరించుకుని, వైస్‌లో వంచుతూ దానితో సరిచూసుకోవచ్చు. ఒకటి రెండు డిగ్రీల తేడాను బోల్టు బిగింపు సర్దుకుంటుంది. పదునైన అంచులను ఆకురాయితో రుద్ది, నొక్కినచోట పూత ఊడి ఉంటుంది కాబట్టి అక్కడ మళ్లీ రంగు వేయాలి.

ఏ వరుసలో బిగించాలి?

ముందుగా పది పొడుగు ముక్కలతో నేల మీద వలయం కట్టండి. ఎదురెదురు కూడళ్ల మధ్య దూరం ఐదు చోట్లా 3.6 మీటర్లు రావాలి. ఆ తరువాత ఒక జత కూడళ్ల నుంచి రెండు పొట్టి ముక్కలు లేపి కొసలు కలపండి, దాని పక్క జత నుంచి రెండు పొడుగు ముక్కలు, మళ్లీ పొట్టివి, మళ్లీ పొడుగువి, ఇలా చుట్టూ పది శిఖరాలు వస్తాయి. వాటన్నిటినీ పది పొట్టి ముక్కలతో వలయంగా కలిపితే మొదటి అంతస్తు పూర్తవుతుంది. ఇప్పుడు నాలుగు పొట్టి ముక్కలు చేరిన ప్రతి కూడలి నుంచి పైకి ఒక పొట్టి ముక్క, మిగతా ఐదు కూడళ్ల నుంచి పైకి రెండేసి పొడుగు ముక్కలు వెళ్తాయి. ఒక పొట్టి, రెండు పొడుగు కలిసేచోట ఐదు కొత్త కూడళ్లు ఏర్పడతాయి. వాటిని ఐదు పొడుగు ముక్కలతో కలిపి, నడినెత్తికి ఐదు పొట్టి ముక్కలు వేస్తే డోమ్ నిండుతుంది.

ఇద్దరు మనుషులు, ఒక స్టూలు చాలు. అయితే మొదటి అంతస్తు వలయం కలిసేదాకా మొత్తం లోపలికీ బయటికీ ఊగుతూ ఉంటుంది, మూడో మనిషి పట్టుకుంటే తేలిక.

చివరి ముక్కల రంధ్రాలు కలవడం లేదు. ఏం చేయాలి?

ముందు బోల్టులన్నీ వదులుగానే ఉన్నాయో లేదో చూడండి. నట్లను చేత్తో తిప్పి వదిలేయాలే తప్ప, చివరి ముక్క దిగేదాకా పానా ముట్టుకోకూడదు. ఆరు కొసలు కలిసే కూడలిలో ఐదు తొడిగాక ఆరోది పావు అంగుళం దూరంలో నిలబడి మొండికేస్తుంది. సన్నని స్క్రూడ్రైవరును రంధ్రాల్లో దూర్చి మీటితే అన్నీ ఒక వరుసకు వస్తాయి, అప్పుడు అవతలి వైపు నుంచి బోల్టు నెట్టాలి. పావు అంగుళం కాదు, అంగుళాల కొద్దీ తేడా వస్తే అది కొలత లోపం కాదు; ఎక్కడో పొట్టి ముక్క బదులు పొడుగు ముక్క పడింది. నమూనాలో పొట్టి పుల్లలకు ఎర్ర రంగు ఎందుకు వేయమన్నానో అప్పుడు తెలుస్తుంది.

పైన ఏమి కప్పాలి? వాన కారకుండా ఎలా?

నిజం చెప్పాలంటే చట్రం కట్టడం తేలిక, కప్పడం కష్టం. మన డోమ్‌లో రెండు త్రికోణాలు కలిసే అంచులు 55, వాటి మొత్తం పొడవు 57 మీటర్లు. అంటే అంత పొడవునా కారడానికి అవకాశం ఉన్నట్టే. నా మొదటి డోమ్‌కు ప్లాస్టిక్ షీట్లను నలభై త్రికోణాలుగా కోసి, అంచులన్నిటికీ సిలికాన్ పూశాను. ఎండకు షీటు సాగి, రాత్రికి ముడుచుకుని, ఒక్క వేసవిలోనే సిలికాన్ ఊడింది. తొలకరికి లోపల గొడుగు పట్టుకుని నిలబడ్డాను.

అందువల్ల ఒకే గుడ్డగా కప్పడమే నా సలహా. ఒకవైపు నేల నుంచి నడినెత్తి మీదుగా రెండోవైపు నేల దాకా కొలిస్తే 5.65 మీటర్లు ఉంటుంది, కాబట్టి 20 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు ఉన్న బరకం (టార్పాలిన్) సరిపోతుంది. మూలల్లో మిగిలిన గుడ్డను మడతలు పెట్టి అడుగు వలయానికి తాడుతో కట్టాలి. త్రికోణాలుగానే వేయాలనుకుంటే పెంకులు నేసినట్టు పై వరుస కింది వరుస మీదికి వచ్చేలా వేయాలి, కింది నుంచి మొదలుపెట్టాలి. నారు కోసమైతే కడియం నర్సరీలలో వాడే షేడ్ నెట్టే మేలు. దానికి వాన కారడమనే సమస్య లేదు. ఎన్నికలయ్యాక దొరికే పాత ఫ్లెక్సీలు కూడా పనికొస్తాయి. బొమ్మ ఉన్న వైపు లోపలికి పెడితే మొక్కలు నాయకుల నవ్వుల మధ్య పెరుగుతాయి, బయటికి పెడితే ఇరుగుపొరుగు ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాలి.

ఎండకు కాగిన ఇనుము తగిలినచోట ప్లాస్టిక్ త్వరగా చివికిపోతుంది. పైపులకు తెల్ల రంగు వేసినా, బోల్టు తలల మీద సైకిల్ ట్యూబు ముక్క కట్టినా ఈ నష్టం తగ్గుతుంది.

తలుపు ఎక్కడ పెట్టాలి?

ఇది చట్రం కట్టక ముందే తేల్చుకోవాలి. పొడుగు ముక్కలతో ఏర్పడిన అడుగు త్రికోణం ఎత్తు 96 సెంటీమీటర్లే, పిల్లలు దూరగలరు కానీ పెద్దలు పాకాలి. సిమెంటు ఇటుకలతో 60 సెంటీమీటర్ల ఎత్తు చుట్టు గోడ కట్టి, దాని మీద డోమ్‌ను కూర్చోబెట్టి, ఆ త్రికోణం కింద గోడను వదిలి, అడ్డంగా ఉన్న అడుగు ముక్కను తీసేస్తే సుమారు 155 సెంటీమీటర్ల దారి వస్తుంది. వంగి వెళ్లవచ్చు, మధ్యలో ఎత్తు కూడా 2.4 మీటర్లు అవుతుంది. దారి కోసం ఏ ముక్కనూ నేరుగా కోసేయడం మాత్రం చేయకండి. ఆ అడుగు ముక్కనైనా ముందు అక్కడ గట్టి చట్రం బిగించి, చుట్టుపక్కల కూడళ్లను దానికి కలిపిన తరువాతే తీయాలి.

గాలివానకు నిలుస్తుందా?

చట్రం నిలుస్తుంది. ఎగిరిపోకుండా చూసుకోవలసింది మీరు. భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం హైదరాబాదుకు సెకనుకు 44 మీటర్లు, విశాఖపట్నం, విజయవాడ, నెల్లూరులకు 50 మీటర్ల గాలి వేగాన్ని లెక్కలోకి తీసుకోవాలి. సెకనుకు 50 మీటర్ల గాలి చదరపు మీటరు మీద దాదాపు 150 కిలోల బరువంత ఒత్తిడి తెస్తుంది. సుమారు 50 కిలోల చట్రానికి బరకం కప్పితే అది గాలిపటమే. అడుగు కూడళ్లు పదింటి దగ్గరా రెండడుగుల ఇనుప కోణపు మేకులను బయటికి వాల్చి నేలలో దిగగొట్టి, కమ్మీతో బిగించండి. ఇసుక నేల అయితే మేకు బదులు చిన్న గుంట తీసి కాంక్రీటు వేయడం మంచిది. తుపాను హెచ్చరిక వస్తే గుడ్డ విప్పేసి చట్రాన్ని వదిలేయండి, గాలి దానిలోంచి పోతుంది. డాబా మీద కట్టేవారు శ్లాబుకు రంధ్రాలు వేయవద్దు. ఇసుక మూటలతో బరువు పెట్టినా డాబా మీద గాలి ఇంకా ఎక్కువని గుర్తుంచుకోవాలి.

అందులో కాపురం ఉండవచ్చా?

ఈ కొలతలో వద్దు. పెద్దది కట్టినా ఆలోచించాలి. 1970ల మొదట్లో డోమ్ ఇళ్ల నిర్మాణం మీద పుస్తకాలు వేసి ఎందరినో ఆ దారి పట్టించిన లాయిడ్ కాన్, స్వయంగా కట్టి నివసించిన తరువాత, అవి ఇంటికి పనికిరావని తేల్చి, బాగా అమ్ముడుపోతున్న తన పుస్తకం ముద్రణనే ఆపేశారు. కారే అతుకులు, గోడకు ఆనని బీరువాలు, ఒక మూల గుసగుసలాడినా మరో మూల వినిపించే లోపలి శబ్దం: ఫిర్యాదులన్నీ ఇటువంటివే. మన వేసవిలో దీనికి ఉక్క తోడవుతుంది. నడినెత్తి చుట్టూ ఉన్న ఐదు త్రికోణాల్లో రెండిటిని వలతో వదిలేసి, కింద కూడా గాలి వచ్చే దారి పెడితే మొక్కలు తట్టుకుంటాయి, మనిషి మధ్యాహ్నం పడుకోలేడు.

విప్పి మరోచోట కట్టుకోవచ్చా?

సులభంగా. 26 నట్లు వదులు చేస్తే మొత్తం రెండు కట్టలుగా సర్దుకుంటుంది, 116 సెంటీమీటర్ల పొడవు కాబట్టి ఆటోలో పడుతుంది. విప్పేటప్పుడు నడినెత్తి నుంచి కిందికి రావాలి, అడుగు వలయాన్ని చివరిదాకా కదపకూడదు. నట్లకు కొద్దిగా గ్రీజు రాసి ఉంచితే తుప్పు పట్టి మొండికేయవు. వానాకాలం గడిచిన డోమ్‌ను విప్పేముందు ఒకపూట కిరసనాయిలు చుక్కలు వేసి వదిలేయండి, లేకపోతే బోల్టులను హాక్సాతో కోయవలసి వస్తుంది.